మామ్మ పెట్టిన షరతు

ఆ షరతు పెట్టింది నేనే. పొద్దున పిల్లని ఎక్కించినవాళ్ళు వస్తేనే సాయంత్రం దింపాలి, ఇంకెవరొచ్చినా దింపకూడదు అని మా మనవరాలి స్కూలు వాన్ డ్రైవరుకి నొక్కి చెప్పాను. ఎవరో తెలియనివాళ్ళు బిస్కెట్లు చూపించి పిల్లల్ని పిలుస్తున్నారని పోయినేడు అందరి ఫోన్లలోనూ తిరిగింది. నిజమో కాదో దేవుడికెరుక, నాకు మాత్రం గుండె జారింది. ఒకటో తరగతి పిల్ల. గణపవరం పక్కనున్న మా ఊరి నుంచి తాడేపల్లిగూడెం దాకా రోజూ వెళ్ళి రావాలి. అందుకని దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠంలా అప్పజెప్పించుకున్నాను కూడా.

"ఎవరొస్తే దిగుతావు?"

"పొద్దున ఎక్కించినవాళ్ళు."

"వేరేవాళ్ళొచ్చి చాక్లెట్ ఇస్తే?"

"దిగను."

వాన్ మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది. అక్కణ్ణించి మా ఇంటికి చేపల చెరువుల మధ్య గట్టు మీద నడిచి రావాలి. రెండు పక్కలా నీళ్ళే. మేత బస్తాల ట్రాక్టరు వచ్చిందంటే ఒదిగి నిలబడాల్సిందే. అంచేత గట్టు దాటేదాకా దాని చెయ్యి నా చేతిలో ఉండేది. ఆ కాసేపూ అది నాది. వాళ్ళమ్మకి చెప్పని కబుర్లు కూడా నాకే చెప్పేది.

అలాంటిది, కోడలి రెండో కాన్పుకి మా వియ్యపురాలు దిగింది. న్యాయంగా కోడలే ఏలూరులో పుట్టింటికి వెళ్ళాలి. పెద్దపిల్లకి స్కూలు పోతుందని ఇక్కడే ఉండిపోయింది. సరే, ఆవిడ వచ్చింది బాలింతని చూసుకోవడానికి కదా, ఆ పనేదో చూసుకోవచ్చు కదా. ఊహూఁ. నాలుగు రోజులు తిరక్కుండానే పిల్లకి జడలు వెయ్యడం మొదలుపెట్టింది. "అమ్మమ్మ వేస్తే నొప్పెట్టదు మామ్మా" అంది ఆ పిల్ల. అంటే ఇన్నాళ్ళూ నేను జుట్టు పీకి వేశానన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి మాత్రం నవ్వాను.

ఒకరోజు పొద్దున నేను పప్పులో పోపు వేస్తున్నాను. వాన్ వచ్చే వేళయింది. చెయ్యి కడుక్కుని వచ్చేలోపు ఆవిడ పిల్ల చెయ్యి పట్టేసుకుంది.

"మీకెందుకండీ వదినగారూ శ్రమ. నేనెక్కించి వస్తాను కదండీ" అంది మెత్తగా.

ఆ మెత్తదనమే నాకు పడదు. వంటింటి కిటికీలోంచి చూస్తే, గట్టు మీద ఇద్దరూ చేతులూపుకుంటూ వెళ్తున్నారు. నాతో ఎప్పుడైనా అలా చేతులూపిందా అని ఆలోచించుకుంటూ నిలబడ్డాను, పప్పు అడుగంటింది.

సాయంత్రం ఆవిడ పసివాడికి నూనె రాస్తుండగా చడీచప్పుడు లేకుండా బయటపడ్డాను. వాన్ రాకముందే రోడ్డు మీద ఉన్నాను. వాన్ ఆగింది కానీ డ్రైవరు తలుపు తియ్యలేదు.

"పొద్దున ఎక్కించింది మీరు కాదు కదండీ మామ్మగారూ."

"నేనెవరో నీకు తెలియదా బాబూ?"

"తెలియకపోవడమేంటండీ. కానీ రూలు పెట్టింది మీరే కదండీ. రేపు నన్నే తిడతారు."

వీడితో నాకేంటని కిటికీ దగ్గరకెళ్ళి పిల్లని పిలిచాను. అది బ్యాగు గుండెలకి హత్తుకుని సీట్లో వెనక్కి జరిగింది.

"అమ్మమ్మని తీసుకురా మామ్మా. అప్పుడు దిగుతాను."

దాని మొహంలో అల్లరేమీ లేదు. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. డ్రైవరు మా కోడలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, నిద్రపోతున్నట్టుంది. నా ఫోనేమో ఇంట్లో ఛార్జింగులో ఉంది. "వెళ్ళి పిలుచుకురండి, నేనాగుతానండీ" అన్నాడతను.

తల కొట్టేసినట్టయింది. నా కొడుకు కూతురు నా దగ్గరికి రావడానికి ఆవిడ రావాలా అని గట్టు పొడుగునా గొణుక్కుంటూనే నడిచాను. ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి, "వదినగారండీ, పిల్ల మీకోసం చూస్తోందండీ" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ నూనె చేతులు తుడుచుకుని, మొహం చేటంత చేసుకుని బయల్దేరింది.

ఆవిణ్ణి చూడగానే పిల్ల వాన్‌లోంచి గెంతింది. ఒక చెయ్యి ఆవిడకిచ్చింది, రెండోది నాకు చాపింది.

"చూశావా మామ్మా, నువ్వొచ్చినా దిగలేదు" అంది, మెచ్చుకోమన్నట్టు.

నాకే దిగని పిల్ల ఇంకెవరికీ దిగదు. ఆ ధీమా ఒక పక్క, కడుపుమంట ఒక పక్క. "నా బంగారుతల్లివే" అని ఆ చెయ్యి అందుకున్నాను.

కొంచెం దూరం వెళ్ళామో లేదో, ఎదురుగా మేత ట్రాక్టరు వస్తోంది. గట్టు మీద ముగ్గురం పక్కపక్కన పట్టం. ఎవరో ఒకరు చెయ్యి వదలాలి. ఆవిడ వదిలేలా కనపడలేదు. పిల్లని మధ్యలో పెట్టుకుని లాగులాడే చోటు కాదది. నేనే వదిలేసి వాళ్ళ వెనక నడిచాను. ముందు దాని రెండు జడలూ ఊగుతున్నాయి, చక్కగా, నున్నగా, నేను ఏనాడూ వెయ్యలేనంత బాగా ఉన్నాయి. రేపు పొద్దున పోపు సంగతి తర్వాత, ముందు చెయ్యి పట్టుకోవాలి అనుకున్నాను.