అక్కను దింపని రేవు

ఏరు సముద్రంలో కలిసే మొగకు చేరి పడవ ఇంజను ఆపగానే ఎల్వుడ్ టోపీ తీసి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. ఆ తర్వాతే ఎలుగుబంట్లను చూడ్డానికి వచ్చినవాళ్ళతో మాట.

"కళ్ళారా చూడండి. కాలు మాత్రం ఒడ్డున పెట్టకండి. నారింజ తొక్కయినా నా డబ్బాలోనే వెయ్యండి."

చలికి వణికేవాళ్ళకు అడక్కుండానే తన ఉన్నిదుప్పటి కప్పేవాడు. కెనడా పడమటి తీరంలోని ఆ మొగ అతని తెగవాళ్ళది, కాపలా కూడా వాళ్ళదే. ఊళ్ళో అతన్ని "ఎలుగుబంట్ల పాలేరు" అని ఏడిపించేవారు. "అవైనా నా మాట వింటాయి, మీరు వినరు" అని నవ్వేవాడు.

ఒక శరత్కాలంలో అక్క వర్నా కూడా పడవెక్కింది. మొగ ఒడ్డున ఉప్పుగడ్డి నేలలో వాళ్ళమ్మ మడి ఉండేది. అందులో సన్నటి తీపివేళ్ళు తవ్వి, ఆవిరి మీద ఉడికించి, చేపనూనె అద్దుకుని తినేవారు. తవ్విన వేళ్ళలో కొన్ని తిరిగి పాతితేనే మరుసటేడు ఊరతాయి. ఏవి తియ్యాలో, ఏవి పాతాలో అమ్మ తర్వాత వర్నాకే తెలుసు. చిన్నప్పటినుంచీ చేపల పడవల వెంట తిరిగిన ఎల్వుడ్ అది నేర్చుకోలేదు.

"ఒరేయ్, అదిగో అమ్మ మడి. దింపరా, నీకూ చూపిస్తా."

"వీళ్ళందరి ముందా అక్కా? నువ్వు దిగితే వీళ్ళకేం చెప్పను?"

"నేనేమన్నా చూడ్డానికొచ్చిన దాన్నట్రా? ఆ కట్టుబాటు మనకి కాదు కదా!"

నిజమే. తెగవాళ్ళు తవ్వుకోవచ్చని పెద్దలే చెప్పారు. వెనక కూర్చున్న ఒక ముసలాయన, "మేం కదలం బాబూ, ఆవిణ్ణి దింపండి" అన్నాడు. ఆ మాట ఎల్వుడ్‌కి గుచ్చుకుంది. నలుగురి ముందూ తన మాట సడలిపోతుందనిపించింది.

"వచ్చేవారం మనిద్దరమే వద్దాంలే."

"సరే నాయనా, నీ ఎలుగుబంట్లు ఏమనుకుంటాయో!" అని నవ్వేసింది వర్నా. ఒడ్డు కనిపించినంతసేపూ మాత్రం అటే చూస్తూ కూర్చుంది.

మరుసటి వారం గాలివాన. అది వెలిసేసరికి వర్నా మంచం పట్టింది. క్రిస్మస్ పాటలకు కూడా గుడికి రాలేకపోయింది. మంచు కరగకముందే పోయింది.

వసంతం రాగానే ఎల్వుడ్ ఒక్కడే వెళ్ళి, మడిలో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాడు. ఏళ్ళ తరబడి చెయ్యి పడని మట్టి బిగుసుకుపోయింది. వేళ్ళు దారాల్లా చిక్కుపడి ఉన్నాయి. గుప్పెడు తీసి అరచేతిలో చాలాసేపు చూసుకున్నాడు. ఏవి ఉంచుకోవాలో తెలియలేదు. అన్నీ తిరిగి పాతి, మట్టి సర్ది లేచాడు.

ఊరి రేవులో పక్కింటి మేవిస్ పడవతాడు అందుకుంది.

"ఏం తెచ్చావన్నా?"

"ఏం లేదమ్మా. తెలియక అన్నీ మళ్ళీ పాతేశాను."

"కొన్నయినా బతుకుతాయిలే."

"బతుకుతాయేమో. అక్క చూపిస్తానంది, మేవిస్. దింపమని అడిగింది."