గవరయ్య ఎడమ పిక్క వ్యవహారం

మనిషి శరీరంలో పిక్కకు దక్కవలసిన గౌరవం దక్కలేదు. కళ్ల మీద పద్యాలున్నాయి, గుండె మీద పాటలున్నాయి, నడుం మీద కూడా కవులు చెయ్యి వేశారు. పిక్క గురించి పెదవి విప్పినవాడు లేడు. బతు బస్తీలో ఉండే గవరయ్య కూడా యాభై మూడేళ్లపాటు దాన్ని పట్టించుకోలేదు.

ఆయన హోప్ టౌన్‌కు జనాన్ని దాటించే బోటు మీద లస్కరు, అంటే తాళ్ల పనివాడు. బోటు జెట్టీకి ఆనేముందు తాడు పట్టుకుని మొదట దూకేది ఆయనే. జనం ఎక్కాక తాడు విప్పి చివర ఎక్కేదీ ఆయనే. ఒక వానాకాలపు సాయంత్రం అలాగే దూకాడు. తాడు జెట్టీకి చేరింది, గవరయ్యా చేరాడు, ఎడమ పిక్కలోని కండ మాత్రం దారిలో తెగింది. ఎవరో వెనకనుంచి రాయి విసిరారనుకుని, అటు తిరిగి, ఏ పాపం ఎరుగని ఒక ప్రయాణికుణ్ణి క్షుణ్ణంగా తిట్టి, ఆ తరవాత కూలబడ్డాడు.

కట్టు విప్పారు, నడక వచ్చింది. కాని నెలాఖరున డాక్టరు పరీక్ష ఉంది. ఎడమ కాలొక్కదాని మీదే నిలబడి, దేన్నీ పట్టుకోకుండా, మడమ ఎత్తుతూ దించుతూ ఉండాలి, డాక్టరు చాలనేదాకా. నెగ్గితే బోటు. లేకపోతే రిటైరయ్యేదాకా ఒడ్డున స్టోరులో పెయింటు డబ్బాలకు కాపలా. జీతం అదే. డబ్బాలు ఎక్కడికీ వెళ్లవు, ఎక్కడినుంచీ రావు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా గవరయ్యకు అన్నం సగంలో ఆగిపోయేది.

అదే వీధిలో ఉండే జూడీ ఫిజియోథెరపిస్టు. ఆవిడ సలహా మీద వెనక వరండాలో వ్యాయామశాల వెలిసింది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద ఇసుక డబ్బా పెట్టుకుని మడమలెత్తడం మొదటి మెట్టు. చెక్కదిమ్మ అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమలు మెల్లగా కిందికి దించి పైకి లేపడం రెండోది.

"ఆరామ్‌గా ఉండాలి అంకుల్," అంది జూడీ. "పాదం నొప్పెడితే రెండో రోజు మీరు చెయ్యరు."

గవరయ్య ఆ మాటను ప్రభుత్వ ఉత్తర్వుగా స్వీకరించాడు. దిమ్మ అంచుకు పాత టైరు రబ్బరు మేకులతో కొట్టాడు. కుర్చీ మీద దిండు వేశాడు. చివరగా పైకప్పు పైపు నుంచి ఒక తాడు వేలాడదీశాడు, ఊరికే చెయ్యి ఆనించుకోవడానికి. డెక్ మీద బతికినవాడి చెయ్యి ఏదో ఒకదాని మీద ఉండాల్సిందే. అలాంటివాడి దృష్టిలో అది పట్టుకోవడం కాదు, చొక్కా తొడుక్కోవడం లాంటిది. చొక్కా తొడుక్కున్నానని డాక్టరుకు ఎవరు చెప్పుకుంటారు?

పరీక్షకు రెండు వారాలుందనగా, ఎలా సాగుతోందో చూడ్డానికి జూడీ వచ్చింది. గవరయ్య ఒంటికాలి మీద జెండాలా లేచాడు, జెండాలా దిగాడు.

"ఆయన పిక్క సంగతి నాకు తెల్దు గానీ జూడీ," అంది భార్య ఎరుకమ్మ, "నా పైకప్పు సంగతేటో సూడు. ఆ పైపు వంగిపోనాది."

జూడీ పైకి చూసింది. పైపు నిజంగానే వంగింది. తనూ వంగి, ఆయన లేస్తుండగా పిక్క నొక్కి చూసింది. దూదిలా ఉంది. తాడు పట్టుకున్న చెయ్యి నొక్కింది. రాయిలా ఉంది.

"అంకుల్, చెయ్యి వదలండి."

"ఒదిలీసినట్టే గదమ్మా. ఊరికినే ఆనించాను."

"ఆనించింది కూడా తీసెయ్యండి."

తీశాడు. మడమ లేవలేదు. మనిషి పక్కకు ఒరిగి ఎరుకమ్మ మీద పడ్డాడు.

"ఇన్నాళ్లూ కసరత్తు చేసింది మీ చెయ్యి," అంది జూడీ. "పిక్క ఛుట్టీలో ఉంది. ఈ తాడు ఇప్పుడే విప్పెయ్యాలి."

ముడి వేసినవాడే విప్పాడు. పెయింటు డబ్బాల వాసన అప్పుడే ముక్కుకు తగిలినట్టయింది.

ఆ తరవాత వరండాలో నవ్వు లేదు. జూడీ చెప్పినట్టు రెండు కాళ్ల మీద లేచి, ఎడమ కాలి మీద మెల్లగా దిగడం. తిన్నగా దిగేవాడు, సగంలో కుడిచెయ్యి దానంతటదే గాలిలో వెతుక్కునేది. ఎరుకమ్మ భుజం ఇచ్చింది, రోజూ కొంచెం దూరం జరిగింది. భుజం కోసం ఆయనా జరిగాడు. ఒక తెల్లవారుజామున పిక్క బిగుసుకుపోతే, తువ్వాలు కొరుక్కుని నిద్ర నటించాడు. ఆవిడా నిద్ర నటించింది.

"మావా," అంది పొద్దున్న, "నీ చెయ్యికి ఏదోటి పట్టుకోకపోతే పేణం నిలబడదా? అయితే నీ చెయ్యే నువ్వు పట్టుకో."

కుడిచేత్తో ఎడమ మణికట్టును నడుం వెనక బిగించాడు. తనిఖీకి వచ్చిన కమిటీ ప్రెసిడెంటులా ఉన్నాడు. కాని ఒరగలేదు. మడమ వేలెడు లేచింది.

పరీక్ష రోజు ఎరుకమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. లోపల కుర్ర డాక్టరు హిందీలో చెప్పాడు: "హాథ్ కహీఁ మత్ లగానా, చెయ్యి ఎక్కడా ఆనించొద్దు. నేను బస్, చాలు, అనేదాకా ఆపొద్దు."

గవరయ్య చెయ్యి అప్పటికే బల్ల అంచు మీద ఉంది. ఎలా వెళ్లిందో ఆయనకు తెలియదు. డాక్టరు చూశాడు. గవరయ్య నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుని, మణికట్టు పట్టుకుని, లేచాడు. దిగాడు. లేచాడు.

అప్పుడు డాక్టరు ఫోను మోగింది. ఆయన కిటికీవైపు తిరిగి, ఎవరి పెళ్లికో విమానం టికెట్ల గురించి మాట్లాడసాగాడు. బస్ అనలేదు. గవరయ్య ఆగలేదు. పైనుంచి మాట రానిదే తాడు వదలడం ఆయన సర్వీసులో లేదు. పిక్క మండింది, వణికింది, మడమ లేచే ఎత్తు తరిగింది. చెమట కంట్లో పడింది. అవతల సీటు కిటికీ పక్కనా కాదా అన్న చర్చ నడుస్తోంది. ఇక లేవదు అనుకున్నాక కూడా లేచింది, చీమ దూరేంత.

డాక్టరు ఇటు తిరిగి నిర్ఘాంతపోయాడు. "అరే! ఇంకా చేస్తున్నారా?"

"మీరు బస్ అన్లేదు సార్."

"బస్, బస్. బోటు మీదికే వెళ్లండి."

గవరయ్య నిటారుగా తలుపు దాటాడు. దాటగానే పిక్క రాయిలా బిగిసింది. ఎరుకమ్మ పట్టి బెంచీ మీద కూర్చోబెట్టి, చీర చెంగు కాలి మీద కప్పి, కింద చెయ్యిపెట్టి పిసకసాగింది.

"ఏటైనాది?"

"బోటే. కానీ ఇప్పుడు నడిస్తే కుంటుతాను. అతగాడు సూసినాడంటే..."

"మాటాడకు. మొకం మామూలుగా ఎట్టు."

గవరయ్య మొహం మామూలుగా పెట్టాడు. ఎంత మామూలుగా అంటే దారిన పోయిన నర్సు ఒకావిడ భయపడింది. ఇంతలో డాక్టరు భోజనానికి బయల్దేరి వాళ్ల ముందు ఆగాడు.

"ఇంకా వెళ్లలేదా?"

"ధూప్ కమ్ హోనే దో సాబ్," అంది ఎరుకమ్మ. "ఎండ తగ్గాక ఎల్తాం."

బయట వాన కుండపోతగా కురుస్తోంది. డాక్టరు వానవైపు చూశాడు, చీర చెంగువైపు చూశాడు. గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.