సుధీర్ బొటనవేలి మీది పసుపు

ఉదయం ఏడూ పదికి కెనడాలోని కిచెనర్‌లో బస్సెక్కాను. బస్సు నిండా షిఫ్టులకు వెళ్లే మన పిల్లలే. మా బేస్‌మెంట్‌లో ఏడుగురం ఉండేవాళ్లం. పక్క గది సుధీర్ మొన్న మిస్సిసాగాలో డ్యూటీ దిగి వస్తూ 401 హైవే మీద యాక్సిడెంట్‌లో పోయాడు. ఇక్కడ వాడికి చుట్టాల్లేరు. వాణ్ని గుర్తుపట్టి సంతకం పెట్టడానికి నేను బయల్దేరాను.

బస్సు కదలగానే హన్మకొండ నుంచి సుధీర్ వాళ్లన్న రాజేందర్ ఫోన్ చేశాడు.

"అక్కా, నువ్వు ఆత్మల మీద చదువుతున్నవని మావోడు చెప్పిండు. జర చూసి చెప్పు. ఆడున్నది మావోడే అయితే ఇంటికి పంపుండ్రి. ఉత్త బాడీయే అయితే ఆడనే కానియ్యుండ్రి. నువ్వేమంటే గదే."

పక్క సీటు ఆంటీ నా చేతిలోని పుస్తకం చూసింది. "ఏం చదువుతున్నావమ్మా?"

"మధ్యయుగాల క్రైస్తవ ఫిలాసఫీ అండీ."

"దాంతో ఇక్కడ స్థిరపడడానికి పీఆర్ వస్తుందా?"

ఒళ్లు మండింది. సుధీర్ కూడా మొదటిరోజు ఇదే అడిగాడు.

నేను చదివే ఆ కాలపు క్రైస్తవ పండితుల్లో ఒక పక్షం లెక్క ప్రకారం, పదార్థానికి రూపమిచ్చి మనిషిని చేసేది ఆత్మే. అది పోయాక మిగిలింది ఆ మనిషి ఒళ్లు కాదు. ఒంటి మీది మచ్చ కూడా ఆ మచ్చ కాదు, అలాంటిదే ఇంకోటి. రెండో పక్షం ఒప్పుకోలేదు. దేహానికి తనదంటూ ఓ రూపముందని, ప్రాణం పోయినా అది కొన్నాళ్లు నిలుస్తుందని వాదించింది. నాలుగేళ్లుగా నా థీసిస్ మొదటి పక్షానిదే.

ఎనిమిదీ నలభైకి మిస్సిసాగాలో దిగి సిటీ బస్సు మారాను. స్టాపులో కొన్న డోనట్ సగం తిని బ్యాగులో పెట్టాను. ఈ దారి మీకెవరికీ పడకూడదు. పడితే మాత్రం పాస్‌పోర్ట్ మర్చిపోకండి, ఒంటరిగా వెళ్లకండి.

అంత్యక్రియలు చేసే ఫ్యూనరల్ హోమ్‌లో వాణ్ని గడ్డం దాకా దుప్పటి కప్పి ఉంచారు. ఎవరో పాపిట పక్కకు తీశారు. వీడు సుధీర్ కాదు, ఉత్త బాడీయేనని రాజేందర్‌కి చెప్పేద్దామనుకున్నాను. అంతలో దుప్పటి సర్దుతున్న ఉద్యోగి చేతి పక్కన వాడి చెయ్యి కనబడింది.

ఆదివారం అన్నం గిన్నె దించుతూ వాడు బొటనవేలు కాల్చుకున్నాడు. "గుడ్డ పట్టుకోలేవుట్రా, వెధవా!" అని తిట్టి నేనే పసుపు పెట్టాను. గోరంచున ఆ పసుపు అలాగే ఉంది.

అలాంటిది ఇంకోటి కాదు, నేను పెట్టిందే. అక్కడే భోరుమన్నాను. తర్వాత వాడి జుట్టు ఎప్పటిలా వెనక్కి దువ్వి సంతకం పెట్టాను.

పదకొండుంబావు బస్సులో తిరిగొస్తూ రాజేందర్‌కి ఫోన్ చేశాను.

"వాడే. ఇంటికి పంపిస్తున్నాం. బాడీ అనకండి."

అవతల చాలాసేపు ఏడుపు వినబడింది. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఏలు కాలిందన్నడు అక్కా. తగ్గిందా?"



"తగ్గింది" అన్నాను. బస్సు 401 ఎక్కింది.