మా ఓనరుకు చలి నేర్పిన రోజు

పదిహేనేళ్ళ కిందట కువైట్‌లో ఒక మాంసం కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాణ్ణి. మా ఓనరు పెళ్ళాంపిల్లల్తో మంచు కొండల ఊరికి పోవాలని ఖరీదైన కోట్లూ బూట్లూ కొన్నాడు. అవి నాకు చూపించి మురిసిపోతుంటే ఊరుకోలేక, "సార్, ఇవి వేసుకొని మన ఫ్రీజర్లో పది నిమిషాలు నిలబడి చూడండి" అన్నాను.

ఇద్దరం లోపలికి పోయాం. ఐదు నిమిషాలకే ఆయన కాలివేళ్ళు మొద్దుబారాయి. భయపడి తలుపు పట్టుకొని లాగుతాడు, అది రాదు. "యల్లా, యల్లా!" అని, తొందరగా తియ్యమని ఒకటే అరుపు. ఆ తలుపును లోపల్నుంచి గుండ్రటి పిడి నొక్కి నెట్టాలి. నేను నెట్టాను. బయటికొచ్చాక ఆయన ముఖం చూసి, ఖలాస్, ఉద్యోగం పోయిందనుకున్నా.

బూట్లు విప్పి కాళ్ళు రుద్దుకుంటూ, "నీకేం కాలేదే?" అన్నాడు.

"మీ బూట్లు బిగుతు సార్. ఒక సైజు పెద్దవి కొనాలి, లోపల ఉన్ని సాక్సు వేయాలి. చెమట పట్టకముందే కోటు జిప్పు దించాలి."

ఆయన కాగితం తీసి రాసుకున్నాడు. ఆరేళ్ళుగా పేరైనా అడక్కుండా, అక్కడ పనోళ్ళందర్నీ పిలిచినట్టే 'రఫీక్' అని కేకేసిన మనిషి, తలెత్తి, "తర్వాత, ఉస్తాద్?" అన్నాడు.

రాయచోటి ఎండల్లో పెరిగినోణ్ణి, మంచు కొండ ఇప్పటికీ చూడలేదు. ఆ కుటుంబం మాత్రం అక్కడ నా మాట తొడుక్కొనే తిరిగింది.