కాపలాకు వెళ్లి చదివిన చదువు

మొన్న ఎదురింటి అమ్మాయి ఫోను పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. తెప్పించుకున్న చీర కుప్పం దగ్గరే నిలిచిపోయిందట, పుంగనూరుకు ఎప్పుడొస్తుందో చూసి చెప్పాలట. "నువ్వు దీన్నే గదక్కా చదివింది" అంది. మా వీధిలో నాకు ఈ హోదా ఉంది. ఎవరి పార్సిల్ ఆలస్యమైనా, గ్యాస్ సిలిండర్ రాకపోయినా, చివరికి పాలవాడు రాకపోయినా నన్నే అడుగుతారు. సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చదివిన మనిషి వీధిలో ఉంటే వస్తువులన్నీ ఆమె మాట వింటాయని వాళ్ల నమ్మకం. నేనూ కళ్లజోడు పెట్టుకుని, ఫోను కాస్త దూరంగా పట్టి చూసి, "రేపో ఎల్లుండో వస్తుందిలే" అని గంభీరంగా చెబుతాను. ఎలాగూ రేపో ఎల్లుండో వస్తుంది. నా చదువు చివరిదాకా సాగలేదని, డిగ్రీ నా చేతికి రాలేదని వాళ్లకు తెలియదు. అసలు నేను చదవడానికి వెళ్లలేదని, కాపలాకు వెళ్లానని అంతకంటే తెలియదు.

మా పాప ఇంటర్ పాసైన ఏడాది మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు బీబీఏలో ఈ కోర్సు కొత్తగా పెట్టారు. సరుకు తయారైన చోటు నుంచి కొనేవాడి చేతికి చేరేదాకా మధ్యలో జరిగేదంతా నేర్పే చదువు. పాపకు అదే కావాలనిపించింది. మా ఆయనకు పుంగనూరు బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. "సరుకు తెచ్చేదానికీ అమ్మేదానికీ కాలేజీ యాల? అంగట్లో కూసుంటే నేనే నేర్పిస్తా గదా" అన్నారు. మా అత్తకు చదువు మీద అభ్యంతరం లేదు, బస్సు మీదే ఉంది. అంతకు ముందే మా వీధి చివరింటి అమ్మాయి ఒకతె బస్సులో పరిచయమైన అబ్బాయితో వెళ్లిపోయి పెళ్లి చేసుకుంది. వాళ్లు సుఖంగా కాపురం చేసుకుంటున్నారు. అయినా మా అత్త దృష్టిలో ఆ తప్పంతా బస్సుదే. పాప అన్నం మానేసి పడుకుంది. పస్తు రెండో రోజుకు చేరేసరికి అత్త తీర్పు చెప్పింది. "సదువుకోనీ. ఐతే వొంటిగా పోకూడదు. పోతా వస్తా వాళ్లమ్మ కూడా ఉండల్ల."

వాళ్లమ్మ అంటే నేను. నన్నెవరూ అడగలేదు. అడుగుతారని నేనూ అనుకోలేదు.

మొదట్లో కాలేజీ మెట్ల కింద, జిరాక్స్ మిషను పక్కన, ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోవడం చేతకాక ఇంటి నుంచి చింతపండు తీసుకెళ్లి గింజలు తీసేదాన్ని. ప్రిన్సిపాలు గారు చూసి చూసి ఒకరోజు లోపలికి పిలిచి, నేనెంతదాకా చదివానో అడిగారు. "అమ్మా, చేరేదానికి వచ్చినోళ్లకు గేటు దాటంగానే మీరూ మీ చింతపండూ కనబడితే ఏమనుకుంటారు చెప్పండి? ఇంటర్ పాసైనారు గదా, సీట్లు మిగిలిపోయి ఉండాయి. మీరూ చేరిపోండి" అన్నారు. ఇంట్లో చెబితే మా ఆయన కాసేపు ఆలోచించి, "ఊరికే కూసునే బదులు ఏందో ఒగటి నేర్చుకోని రా" అన్నారు. అలా నలభై దాటబోతుండగా నా కూతురికి క్లాస్‌మేట్‌నయ్యాను.

అది పాపకు ఎలా ఉండిందో నాకు తెలుసు. పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్కన అది, దాని పక్కన గోడలా నేను. క్లాసులో నేను రెండో బెంచీలో కూర్చుంటే అది చివరి బెంచీకి పోయేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచాక దాని స్నేహితురాళ్లు "కూర్చోండి ఆంటీ" అని ఎంతో మర్యాదగా జరిగేవారు. ఆ తర్వాత డబ్బాలు ఖాళీ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడేవారు కాదు. నేను వేసిన చెనక్కాయల చట్నీ మాత్రం తినేవారు. ఒకసారి క్లాసు మొత్తాన్ని టమోటా మార్కెట్‌కు తీసుకెళ్లారు. పుల్లటి వాసన, కాలు జారే నేల, తలెత్తితే క్రేట్ల వరసలు. ఒక లారీ డ్రైవరు దగ్గర నిలబడి, ఏ దారిన పోతాడో, సరుకు చెడకుండా ఎక్కడ ఆగుతాడో పాప అడుగుతోంది. దాని ముఖం వెలిగిపోతోంది. ఇటు తిరిగి నన్ను చూసింది. ముఖం మూసుకుపోయింది. లారీడ్రైవరుతో మాట్లాడినందుకు నేను ఏమీ అనబోవడం లేదు. కానీ అది దానికెలా తెలుస్తుంది?

నా సంగతీ చెప్పాలి. నాకు ఆ చదువు నచ్చింది. సిగ్గుపడుతూ చెబుతున్నాను గానీ, చాలా నచ్చింది. అనుకోని అవసరానికని పక్కన పెట్టుకునే సరుకును సేఫ్టీ స్టాక్ అంటారని సార్ చెప్పిన రోజు నాకు నవ్వు ఆగలేదు. చుట్టాలొస్తారేమోనని రోజూ ఒక పిడికెడు బియ్యం ఎక్కువ వేసే పనికి ఇంగ్లీషులో ఒక అధ్యాయం రాసి పెట్టారు! పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పక్కన పుస్తకం పెట్టుకునేదాన్ని. అర్థమైతే పప్పు మాడేది, అర్థం కాకపోతే పప్పు బాగుండేది. మొదటి పరీక్షల్లో పాప కంటే నాకు ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇంట్లో అందరూ నవ్వారు, పాప నవ్వలేదు.

రెండో ఏడాది చివర ఒకరోజు సార్ బోర్డు మీద సీసా బొమ్మ గీశారు. కురబలకోట నుంచి మోటారుసైకిల్ మీద వచ్చే మనిషి, వయసులో నాకంటే చిన్న. "సీసా ఎంత పెద్దదైనా, దాని మెడ ఎన్ని వదిలితే అన్నే నీళ్లు బయటికి వస్తాయి. దీన్నే బాటిల్‌నెక్ అంటాం. మీ ఇండ్లల్లో పని యాడ ఇరుక్కుంటాందో ఒక్కొక్కరు చెప్పండి సూద్దాం" అన్నారు. ఒకడు వీధి కొళాయి అన్నాడు. ఇంకొకడు వాళ్లన్న దూరి గంటసేపు బయటికి రాని బాత్రూము అన్నాడు. అందరూ నవ్వుతున్నారు. పాప వంతు వచ్చింది. లేచి నిలబడి, "మా అమ్మ, సార్" అంది.

క్లాసంతా గొల్లుమంది. వెంటనే నేను అక్కడే ఉన్నానని గుర్తొచ్చి నవ్వు ఆపేసింది. ఆ ఆపడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. సార్ బోర్డు మీది బొమ్మ తుడిచేశారు. నేను తల ఎత్తకుండా నా పుస్తకంలో సీసా గీస్తూనే ఉన్నాను.

తిరుగు బస్సులో దాన్ని గట్టిగానే తిట్టాను. ఎవరి కోసం తెల్లారకముందే లేచి వంట చేసి ఈ బస్సులో పడి ఒళ్లు హూనం చేసుకుంటున్నానని అడిగాను. అది అంతా విని, "నీ మింద కోపం లేదుమా. నువ్వు మంచిదానివే. ఐనా నాకు గాలి ఆడల్యా. ఒగ దినమన్నా వొంటిగా బస్సెక్కి సూడల్ల నేను" అంది. నాకు ఏడుపొచ్చింది. పెళ్లయ్యాక నేను ఒంటరిగా బస్సెక్కింది ఎప్పుడని వెతుక్కుంటే ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. దానికి నేను కాపలా అయితే నాకు అది కాపలా. అది కాలేజీకి పోతోంది కాబట్టే నేను వాకిలి దాటుతున్నాను. మా అత్త ఒక్క మాటతో ఇద్దరినీ ఒకే తాడుకు కట్టింది.

ఆ కోర్సులో చివరి సెమిస్టర్‌కు తరగతులుండవు. ఏదైనా సంస్థలో అప్రెంటిస్‌గా పనిచేయాలి, చేస్తేనే డిగ్రీ. పాపకు కుప్పంలో, కూరగాయలు ప్యాక్ చేసి దూరదేశాలకు పంపే ఒక గిడ్డంగిలో వచ్చింది. నాకు మదనపల్లెలోనే ఒక గోడౌన్‌లో వచ్చింది. కుప్పం రోజూ పోయి వచ్చే దూరం కాదు. మా ఆయన తేలిగ్గా తేల్చేశారు. "నువ్వూ కుప్పానికే మార్పించుకో మే. రూము తీసుకోని ఇద్దురూ ఉండండి." సార్‌ను అడిగితే మార్పిస్తానన్నారు. ఇద్దరికీ డిగ్రీ వచ్చేస్తుంది. ఆ సంతోషంలో నేనుండగా మదనపల్లె బస్టాండులో పాప మెల్లగా అంది. "నువ్వొస్తే నేను పోనుమా. సదువు ఈడికే నిలిపేస్తా." అది బెదిరింపు కాదు. దాని గొంతులో అలసట తప్ప ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక అత్త ముందు కూర్చున్నాను. ఆమె తోటకూర గిల్లుతోంది. "పాప ఒగటే పోతుంది అత్తా. ఆడ హాస్టలుండాది, చూసుకునే ఆయమ్మ ఉండాది. ఏమన్నా ఐతే నాది పూచీ" అన్నాను. ఆమె చాలాసేపు ఆకు గిల్లింది. "నీది పూచీ అంటే సరే, పోనీ" అంది. నేను ఊపిరి పీల్చుకునేలోగానే, "మరి ఆ పిల్లకే కావిలి అక్కర్లేదంటే, మదనపల్లిలో నీకింక ఏం పనుండాది?" అని అడిగింది. ఆ ప్రశ్నలో కోపం లేదు, ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "నాది కూడా ఆరు నెల్లు మిగిలుండాదత్తా. అది చేస్తేనే పట్టా ఇస్తారు" అన్నాను. "పట్టా తీసుకోని ఏం జేస్తావు? పోతే ఇద్దురూ పోండి, లేదంటే ఆ పిల్ల పోనీ, నువ్వు ఇంట్లో ఉండు." నేను మా ఆయన వైపు చూశాను. ఆయన టీవీ వైపు చూశారు. సరేనన్నాను. ఆ పూట రసంలో ఉప్పు రెండుసార్లు వేశాను, తెలిసే వేశాను. ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు.

పాపను దించడానికి నేనే వెళ్లాను. పలమనేరు దాటి, వి.కోట దాటి, అరవం మాటా కన్నడం మాటా కలిసి వినబడే ఆ ఊరు చేరేసరికి ఎండ చల్లబడింది. హాస్టలు గేటు దగ్గర పాప సంచీ భుజాన వేసుకుంది. అప్పుడు ఒక్కసారి అడిగింది. "నీది రేపట్నించేనా మా, మదనపల్లిలో?" "ఆ, రేపట్నించే" అన్నాను. అది లోపలికి వెళ్లిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు. చూడనందుకు నేను సంతోషించాలి. సంతోషించాను కూడా, కానీ బస్టాండుకు నడిచేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒంటరిగా కూర్చున్నాను. పెళ్లయ్యాక అదే మొదటిసారి, ఎటు పోతున్నాను అంటే ఇంటికే.

ఫలితాల్లో నా నెంబరు లేకపోయేసరికి పాపకు తెలిసింది. ఫోనులో గొడవపెట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదు?" "చెప్పింటే పొయ్యేదానివా?" అన్నాను. ఇప్పుడది చెన్నై దగ్గర కంటెయినర్ల యార్డులో పనిచేస్తోంది. ఏ బస్సైనా రైలైనా ఒంటరిగానే ఎక్కి దిగుతోంది.

మా అత్త పోయాక, కిందటి వేసవిలో మా ఆయన అన్నం తింటూ మామూలుగా అన్నారు. "మిగిలింది ఆరు నెల్లే గదా మే. పోయి చేసుకోని రా. ఎవురు వద్దన్నారు?" నిజమే, వద్దు అనే మాట ఎవరూ అనలేదు. ఆ మాటకు నాకు వచ్చినంత కోపం ఆ రోజు అత్త మాటకు కూడా రాలేదు. అయినా మర్నాడు కాలేజీకి ఫోన్ చేశాను. గడువు దాటిపోయిందని, సిలబస్ మారిందని, కావాలంటే మళ్లీ మొదటి ఏడాది నుంచి చేరాలని చెప్పారు. మా ఆయనకు చెబితే "అట్లనా" అని మజ్జిగ అడిగారు. పోశాను. అత్త అడ్డం ఉన్నన్నాళ్లు, ఏదో ఒకనాటికి ఆమె మనసు మారుతుందని ఆశపడ్డాను. ఇప్పుడు నాకు అడ్డం ఉన్నది గడిచిపోయిన కాలం ఒక్కటే, దానికి మారే మనసు లేదు.