మా ఇంటి ఫ్లోరిన్

పిల్లలకు పాఠం బాగా అర్థం కావాలని కట్టుకున్న మొగుణ్ణి ఉదాహరణగా చెప్పినా. ఎంత బాగా అర్థమయిందంటే, సాయంత్రానికి మా బోగోలు ఊరంతా పాకిపోయింది.

మా ఆయన ఖాదర్‌కు పరుపులు, దుప్పట్ల కొట్టుంది. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. మొన్న వాయుగుండం పట్టి చలిగాలి కొడతా ఉంటే, టెన్త్ పిల్లలకు కెమికల్ బాండ్స్ చెబుతున్నా. హైడ్రోజన్, ఫ్లోరిన్ ఒక ఎలక్ట్రాన్ జంటను పంచుకుంటాయి, కానీ ఫ్లోరిన్‌కు లాక్కునే గుణం జాస్తి, అదే ఎలక్ట్రోనెగటివిటీ అన్నా. అందరూ దిక్కులు చూస్తున్నారు.

"ఇట్ట చూడండ్రా. మా ఇంట్లో ఇద్దరికీ ఒకటే దుప్పటి. మీ ఖాదరన్న తనవైపు లాక్కుంటాడు. అంతా లాక్కోడు, నాకూ ఒక కొస ఉంటుంది. అట్టనే ఎలక్ట్రాన్లు ఫ్లోరిన్ పక్కకు జరుగుతాయి. అక్కడ కొంచెం నెగటివ్, హైడ్రోజన్ పక్క కొంచెం పాజిటివ్. అదే పోలార్ బాండ్. ఇద్దరూ సమానంగా లాగితే ఈ తేడా ఉండదు."

క్లాసంతా నవ్వులు. నా తెలివికి నేనే మురిసిపోయినా.

సాయంత్రం కొట్టు కాడికి పోతే, ఒక పిల్లోడి నాయన దిండు బేరమాడతా, "ఏం ఖాదరన్నా, ఊరికంతా దుప్పట్లమ్ముతావు, ఇంట్లో టీచరమ్మను చలికి వదిలేస్తావంట గదా" అంటున్నాడు.

ఎవరేమన్నా నవ్వేసే మనిషి మా ఆయన. ఆరోజు నవ్వలేదు. దిండు దులిపి ఇచ్చి పంపినాడు. నా ప్రాణం ఉసూరుమనింది.

ఇంటికొస్తా కొత్త దుప్పటి ఒకటి తెచ్చినాడు. "ఇంక ఎవరిది వాళ్ళకు" అన్నాడు, మెల్లగా. నన్ను తిట్టినా బాగుండు. పెళ్ళయినకాణ్ణుంచి ఒకటే దుప్పటి కప్పుకున్న మనుషులం. సారీ చెప్పబోయి, మానుకుని, అటు తిరిగి పడుకున్నా.

తెల్లారి లేస్తే ఒళ్ళంతా చెమట. చూస్తే రెండు దుప్పట్లూ నా మీదే ఉన్నాయి. ఆయనేమో నా చున్నీ కప్పుకుని, ముడుచుకుని, తుమ్ముతా ఉన్నాడు.

"మీరే కప్పినారా?" అనడిగినా.

"నేనెందుకు కప్పుతా? నువ్వే లాక్కున్నావు. రోజూ లాగుతావు. తెల్లారుజామున చలికి ఓర్చుకోలేక నేను కాస్త వెనక్కి లాక్కుంటా. నీకు మెలకువొచ్చేది అప్పుడే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"పొద్దంతా పిల్లలతో అరిచొచ్చి పడుకుంటావు. దుప్పటి కోసం లేపేదేంది?"

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినాయి నాకు. కొత్త దుప్పటి మడిచి బీరువాలో పెట్టేసి, ఆయనకు అల్లం టీ పెట్టిచ్చినా.

స్కూలుకు పోతానే పిల్లలు మొదలుపెట్టినారు. "టీచర్, అన్న రాత్రి కూడా లాక్కున్నాడా?"

"పాఠంలో తప్పేం లేదు గానీ, ఉదాహరణ కొట్టేసి మళ్ళీ రాసుకోండ్రా" అన్నా. "హైడ్రోజన్ కొట్లో కూర్చుని తుమ్ముతా ఉంది. ఫ్లోరిన్ మీకు పాఠం చెబుతా ఉంది."