ఉలవ చేలో ఎర్ర స్వెట్టరు

నా చిన్నప్పుడు, చలిని బట్టలతో కొట్టి తరమవచ్చని నమ్మిన మహానుభావుల్లో నేనొకణ్ణి. ఎన్ని తొడిగితే అంత వెచ్చన అనేది నా లెక్క. లెక్కల్లో నేను ఎంతటివాణ్ణో మా బడిలో అందరికీ తెలుసు. చలికి కూడా తెలిసిపోయిన రోజు ఒకటుంది.

ఉసూరు అనే ఊరు దాటాక అడవి కాస్త పల్చబడే చోట మా ఊరు. పుష్యమాసంలో పొగమంచు దిగిందంటే ఊరూ అడవీ ఒకటైపోయేవి. ఎదురొచ్చే మనిషి నడుము పైన మనిషిగా, నడుము కింద మబ్బుగా కనిపించేవాడు. ఆ మబ్బులోనే ఉలవ చేను పీకాలి. ఎండెక్కితే కాయలు చిటచిటమని పగిలి గింజంతా నేలపాలవుతుంది. తడికి కాయ మెత్తబడి ఉన్నప్పుడే మొక్కను వేళ్ళతో సహా లాగి కుప్ప వేయాలి. మంచు ఉలవకు మంచిది, మనకే మంచిది కాదు.

ఆ ఏడు నాకు పదేళ్ళు. అంతకుముందు దాకా చేను పీకే రోజుల్లో నన్ను చంటిపిల్లలకూ కోళ్ళకూ కాపలా పెట్టేవారు. పిల్లలు ఏడిస్తే కోళ్ళు బెదిరేవి, కోళ్ళు బెదిరితే నేను ఏడ్చేవాణ్ణి. ఈసారి నాకూ ఒక మునుము కావాలని పట్టుబట్టాను. మునుమంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక్కొక్కరు పట్టుకుని పీక్కుంటూ పోయే పట్టీ. మునుము పట్టినవాడు పెద్దవాడి కింద లెక్క. మూడు రోజులు మారాం చేస్తే మా మేనత్త ఒప్పుకుంది. చేను మామయ్యది, మాట ఆమెది.

"పట్టు అల్లుడా. కాని మధ్యల లేసినవనుకో, మళ్ళ కోళ్ళ కాడికే" అంది.

తెల్లవారకముందే తయారయ్యాను. రెండు చొక్కాలు, వాటి మీద సంతలో నాన్న కొన్న కొత్త ఎర్ర ఉన్ని స్వెట్టరు, మెడకు మఫ్లరు, తలకు కోతిటోపీ. చేతులు కిందికి దించితే దిగడం లేదు, పక్కలకు నిలబడ్డాయి. అత్త మాత్రం మామయ్య పాత చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని, గోనెసంచి మడిచి నడుముకు ముందు వైపు కట్టుకుని వచ్చింది. నన్ను చుట్టూ తిరిగి చూసింది.

"ఏంది అల్లుడా, సంతల దుకాణమంత మీదేసుకున్నవ్?"

"చలైతాంది అత్తా."

"కానీ, కానీ" అని ఒక మూట నా నెత్తిన పెట్టింది. విప్పి చూడొద్దంది. ఆమె సద్దిమూట అనుకుని మోశాను.

మొదట్లో రాజులా ఉంది. మంచులో ముందుకు పోతుంటే లోకంలో నేనూ, నా చేతికందే నాలుగు మొక్కలూ తప్ప ఏమీ లేనట్టు, కలలో ఎవరో నా చేత పని చేయిస్తున్నట్టు ఉంది. కాసేపటికి లోపల చెమట మొదలైంది. బయట ఆకుల మీది మంచంతా స్వెట్టరు తాగింది. తాగినవాడిలాగే అదీ బరువెక్కి వేలాడింది. దాని చేతులు సాగి నా వేళ్ళను మింగేశాయి. ఉత్తరేణి గింజలు ఉన్నికి పట్టుకుని, నేను నడిచే పొదలా తయారయ్యాను. అప్పుడు వాగు మీంచి గాలి వీచింది. లోపలి చెమట, బయటి తడి కలిసి ఒకేసారి చల్లబడ్డాయి. పంట చేతిలో ఉంది, వణుకు పంటిలో ఉంది. వేళ్ళు మొక్కను పట్టుకోవడం మానేశాయి. నా మునుము సగం కూడా కాలేదు. పక్క మునుముల్లోని దోర్ల తెగ ఆడవాళ్ళు నన్ను దాటి మంచులోకి వెళ్ళిపోయారు. నాకు కోళ్ళ అరుపులు వినిపించసాగాయి.

అత్త వచ్చి నా రెక్క పట్టుకుని గట్టు మీదికి నడిపించింది. పొద్దున నేను అక్కడ దించిన మూట విప్పింది. లోపల నా పాత నూలు చొక్కా, ఒక గోనెముక్క, మడత పెట్టిన దుప్పటి. అన్నీ పొడిగా ఉన్నాయి. నా వెచ్చదనాన్ని నేనే నెత్తిన మోసుకొచ్చానన్నమాట. తడిబట్టలన్నీ ఊడదీసి, కొంగుతో వీపు తుడిచి, చొక్కా తొడిగి, గోనె నడుముకు కట్టింది. నేను దుప్పటి మీద చెయ్యి వేశాను. ఆమె నా చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"అది కూసున్నప్పటికి. పని చేసేటప్పుడు ఒళ్ళే పొయ్యి. పొయ్యికి దుప్పటి కప్పుతరా ఎవరన్నా?"

నేను బొత్తాలు పెట్టుకుని తిరిగి వచ్చేసరికి, నేను ఆపిన చోటు నుంచి పది బారల దాకా చేను పీకి ఉంది. అత్త తన గోనెకు అంటిన మన్ను దులుపుకుంటోంది. ఎండ పొడిచే వేళకు నా మునుము ముగించి, చివరి గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. మంచు విడిపోయి మనుషులకు కాళ్ళు మొలుస్తున్నాయి. అంత వెచ్చటి ఎండ మళ్ళీ ఎన్నడూ కాయలేదు.

ఇప్పటికీ నేను పనికి కాస్త చలిగానే బయలుదేరతాను. పొడిబట్ట ఒకటి సంచిలో ఉంటుంది, కూర్చునే వేళకు.

అయితే ఆ కథ మా అత్త నోట్లో ఏటేటా లావెక్కింది. నా పెళ్ళి నాటికి తొమ్మిది చొక్కాలు, రెండు కంబళ్ళు వేసుకుని చేలోకి దిగానని మా మామగారితోనే చెప్పింది. అరవై దాటినా మా బంధువుల్లో నా పేరు స్వెట్టరే.

నాలుగేళ్ళ కిందట ఆమె మనవడు సుక్మా పట్నం నుంచి దిండులాంటి కోటు తెచ్చి ఇచ్చాడు. మనవడిచ్చాడన్న మురిపెంతో వద్దన్నా వినకుండా అది తొడుక్కుని చేలోకి దిగింది. సగం దూరం పోకముందే చెమటకు ముద్దయి, వణుకుతూ గట్టు మీద కూలబడింది. చేనంతా పని ఆపి, పక్క మునుములో ఉన్న నా వైపు చూసింది. ఆమె కూడా చూసింది, నా ఎగతాళికి జవాబులు నాలుగు సిద్ధం చేసుకుని.

నేను ఆమెకు పొడిబట్ట అందించి, గట్టు మీది నిప్పు ఎగదోసి, టీ తాగుతావా అని అడిగాను.

"ఏమన్న అనరాదు అల్లుడా!" అంది చివరికి.

"దేని గురించత్తా?" అన్నాను.

ఆ పూట అన్నం సగమే తిందట. నేటికీ నేను గడప తొక్కగానే నా నోటి వైపే చూస్తుంది. నేను మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడిగి వచ్చేస్తాను.